ఆటలో ఇచ్చిన మాట

మీ అబ్బాయి గంటసేపు ఆట తెరిచి పెట్టుకుని, ఒక్క బాణమూ వేయకుండా టైపు చేస్తూనే ఉన్నాడనుకోండి. చదువు ఎగ్గొట్టి ఎవరితోనో కబుర్లాడుతున్నాడని మీకు కోపం వస్తుంది. ముక్కూమొహం తెలియనివాళ్ల వలలో పడుతున్నాడేమోనని భయమూ వేస్తుంది. ఆ భయానికి కారణం లేకపోలేదు, దాని సంగతి తర్వాత చెబుతాను. కానీ చాలాసార్లు అక్కడ జరుగుతున్నది సంధి. పక్క రాజ్యం వాడితో సరిహద్దు ఎక్కడో తేల్చుకుంటున్నాడు. ఉత్తరాన ఉన్నవాడు ఇద్దరికీ శత్రువు గనక వాడి మీదికి ఎవరు ముందు కదలాలో బేరమాడుతున్నాడు. ఆ తరహా ఆటల్లో అసలు ఆట అదే.

ఊహాలోకాల్లో రాజ్యాలు కట్టి పదిమంది ఒకరితో ఒకరు తలపడే వ్యూహక్రీడల గురించి తల్లిదండ్రులు ఎప్పుడూ అడిగేది ఒకటే: "రోజుకు ఎన్ని గంటలు ఆడనివ్వాలి?" అడగవలసిన ప్రశ్నే. అయితే దానికంటే ముందు పిల్లలనే అడగవలసింది ఇంకొకటి ఉంది. "ఈ ఆటలో నువ్వెవరికి మాట ఇచ్చావు? నీకెవరు ఇచ్చారు?" ఈ ఆటల్లో పిల్లలకు దక్కే మేలూ, తగిలే దెబ్బా రెండూ ఆ మాటల దగ్గరే ఉన్నాయి. గంటల లెక్క ఒక్కటే చూస్తే ఆ రెండూ మన కంటపడవు.

ఈ రకం ఆటలకు పూర్వరూపం ఒక బోర్డు గేమ్. అమెరికాకు చెందిన అలన్ కాలమర్ దాన్ని 1954లో రూపొందించి, 1959లో సొంత డబ్బుతో అచ్చు వేయించాడు. పేరు 'డిప్లొమసీ'. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందటి యూరప్ పటం, ఏడు రాజ్యాలు. పాచికలు లేవు, అదృష్టానికి చోటు లేదు. అందరూ పక్కకు వెళ్లి గుసగుసలాడుకుంటారు, తర్వాత ఎవరి ఆజ్ఞలు వాళ్లు రహస్యంగా కాగితం మీద రాస్తారు, అన్నిటినీ ఒకేసారి తెరిచి చదువుతారు. చెప్పినదే రాసి తీరాలన్న నియమం లేదు. పటంలోని 34 సరఫరా కేంద్రాల్లో 18 చేజిక్కించుకున్నవాడు గెలిచినట్టు. పక్కవాడి సాయం లేనిదే అడుగు ముందుకు పడదు గనక అందరికీ పొత్తు కావాలి. పూర్తి గెలుపు ఒక్కడిదే గనక ఆ పొత్తు ఏదో ఒకనాటికి తెగాలి. ఆట బిగువంతా ఆ రెంటి మధ్యనే ఉంది.

దీనికి దేవతలనూ మంత్రాలనూ కలిపితే ఎలా ఉంటుందో చూడాలంటే 'డొమినియన్స్' చూడండి. స్వీడన్‌లో ఇల్‌వింటర్ అనే చిన్న సంస్థ, ప్రధానంగా ఇద్దరు మనుషులు, ఏళ్లుగా ఈ వరుస ఆటలు తయారుచేస్తున్నారు. ఆరోది 2024 జనవరిలో వచ్చింది. లోకాన్నేలే పాత దేవుడు మాయమయ్యాడు, ఖాళీ అయిన ఆ పీఠం కోసం దేవుళ్లమని చెప్పుకునేవాళ్లంతా కొట్టుకుంటారు. కథ అంతే. ఎంచుకోదగిన జాతుల్లో కైలాస, లంక, పాతాళ అనే పేర్లు కూడా ఉన్నాయి. లంకలో రాక్షసులు, కైలాసలో వానరులు, పాతాళలో నాగులు ఉంటారు. మన పిల్లలు అటు మొగ్గడంలో వింతేమీ లేదు.

ఇందులో ఎవరి టర్న్ కోసమూ ఎవరూ ఎదురుచూడరు. అందరూ తమ ఆజ్ఞలు పంపాకో, గడువు ముగిశాకో సర్వర్ ఒకేసారి ఫలితం తేలుస్తుంది. మొదట్లో రోజుకొక టర్న్, రాజ్యాలు పెద్దవయ్యాక రెండు రోజులకొకటి చొప్పున గడువు పెట్టుకోవడం మామూలు. ఒక్క ఆట నెలల తరబడి సాగుతుంది. ఆటగాళ్లు ఒకరికొకరు బంగారం, మంత్రరత్నాలు, మాయాయుధాలు పంపుకోవచ్చు. పంపినవి తర్వాతి టర్న్‌లోగాని చేరవు. నువ్వు ముందు రత్నాలు పంపావనుకో, అవతలివాడు ఒప్పుకున్న కవచం పంపుతాడో లేదో ఆ తర్వాతే తెలుస్తుంది. పంపకపోతే అడిగే దిక్కు ఆటలో లేదు. వాడి మాట ఒక్కటే పూచీ.

ఈ ఆటగాళ్ల నోట తరచు వినిపించే మాట 'నాప్'. ఒకరి మీద ఒకరు దండెత్తబోమని ఒప్పందం. 'నాప్ త్రీ' అంటే, ఒప్పందం వద్దనుకుంటే మూడు టర్న్‌ల ముందే చెప్పాలి. ఆలోగా అవతలివాడు కోటలు బాగుచేసుకుంటాడు, దూరాన ఉన్న సైన్యాన్ని వెనక్కి పిలుచుకుంటాడు. ఇది కంప్యూటర్ పెట్టిన కట్టుబాటు కాదు, ఆడేవాళ్లు తమలో తాము పెంచుకున్న మర్యాద. పద్నాలుగేళ్ల పిల్లవాడు, ఎదురుగా గెలుపు కనిపిస్తున్నా, "మూడు టర్న్‌ల తర్వాత మన ఒప్పందం ముగుస్తుంది" అని ముందుగా రాసి పంపాడంటే దాన్ని మనం గుర్తించి మెచ్చుకోవాలి. పరీక్షలో వచ్చిన మార్కులంత గట్టిగా మెచ్చుకోవాలి.

ఇంకొక సంగతి. చాలా ఆటల్లో నిర్వాహకుడు మొదలుపెట్టేటప్పుడే చెబుతాడు: ఒప్పందాలకు కట్టుబడి తీరాలా, తప్పినా ఫరవాలేదా, అసలు సంధులే నిషిద్ధమా అని. మీ పిల్లలను ఇది కూడా అడగాలి. "మీ ఆటలో మాట తప్పొచ్చా?" దానికి వాళ్ల దగ్గర స్పష్టమైన జవాబు లేదంటే, రాబోయే గొడవ సగం అక్కడే పొంచి ఉందన్నమాట.

మన ఇళ్లలో ఫోన్ల మీద కనిపించేది క్లాష్ ఆఫ్ క్లాన్స్. ఫిన్‌లాండ్‌కు చెందిన సూపర్‌సెల్ 2012లో తెచ్చింది. ఒక క్లాన్‌లో 50 మంది దాకా ఉంటారు. లీడర్, కో-లీడర్, ఎల్డర్, మెంబర్ అని మెట్లు. మామూలు క్లాన్ వార్‌లో ఒకరోజు సన్నాహం, ఒకరోజు పోరు. ఒక్కొక్కరికి రెండేసి దాడులు. వాడుకోని దాడి క్లాన్ మొత్తానికి నష్టం. భోజనం మధ్యలో గడియారం వైపు చూసే పిల్లవాడి తొందర అక్కడిది. ఇక్కడ రాజకీయమంతా సొంత క్లాన్‌లోనే ఎక్కువ. ఎవరికి కో-లీడర్ ఇచ్చారు, ఎవరిని చెప్పకుండా కిక్ చేశారు, అడిగినప్పుడు ఎవరు ట్రూప్స్ డొనేట్ చేయలేదు. నమ్మి కో-లీడర్ చేసిన మిత్రుడే ఒక రాత్రి సభ్యులను వరసగా తరిమేసి వెళ్లిపోయిన కథలు పిల్లల దగ్గర చాలా ఉంటాయి. కూర్చోబెట్టి అడిగితే చెబుతారు.

పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభం, మిత్రభేదం తెలుగులో చెప్పారు. మిగిలిన విగ్రహం, సంధి కందుకూరి వీరేశలింగం చెప్పారు. స్నేహం సంపాదించడం, అది చెడటం, పోరు, రాజీ. మన పెద్దలు బడిలో కథలుగా చదువుకున్న ఆ నాలుగూ ఇప్పుడు పిల్లలకు ఆటలో ఎదురవుతున్నాయి. కథలో మోసపోయేది ఏదో ఎద్దు, పక్కన అర్థం చెప్పే గురువూ ఉండేవాడు. ఆటలో మోసపోయేది తనే, పక్కన ఎవరూ లేరు. తల్లిదండ్రులు వెళ్లి కూర్చోవలసిన చోటు అదే.

ఇక మీ అమ్మాయిని ఆరు వారాలుగా పొత్తులో ఉన్నవాడు ఒక్క టర్న్‌లో వెనక నుంచి దెబ్బతీశాడనుకుందాం. అన్నానికి పిలిస్తే రాదు. తలుపు వేసుకుంటుంది. "ఆటేగా, దానికింత ఏడుపెందుకే?" అన్న మాట నోటిదాకా వస్తుంది. దయచేసి అనకండి. కోట బొమ్మే, సైన్యం బొమ్మే. ఆరు వారాలు రోజూ మాట్లాడిన మనిషి మాత్రం నిజం. ఓడిపోయినందుకు కాదు ఆ ఏడుపు, నమ్మి తెలివితక్కువదాన్నయ్యానే అని.

కాసేపు ఊరుకుని, "మొదట్నుంచీ చెప్పమ్మా, నాకు పటం చూపించు" అనండి. పటం మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. వేలు పెట్టి చూపిస్తూ చెప్పడంలోనే సగం బరువు దిగుతుంది. తను చెప్పడం పూర్తయ్యాక నెమ్మదిగా అడగండి. దెబ్బ కొట్టడానికి ముందు వాడి జవాబులు ఆలస్యమయ్యాయా? సరిహద్దుకు సైన్యం ఎందుకు తెచ్చావంటే ఏమన్నాడు? నువ్వు అందరికంటే ముందున్నావా అప్పటికి? వాడి చోట నువ్వుంటే ఏం చేసేదానివి? ఈ చివరి ప్రశ్న దగ్గర పిల్లలు చాలాసేపు ఆలోచిస్తారు, ఆలోచించనివ్వండి. ముందంజలో ఉన్నవాడి మీదికి మిగిలినవాళ్లంతా ఏకం కావడం ఇలాంటి ఆటల్లో సహజం. తన మీద ద్వేషంతో కాక, తన బలం చూసి భయపడి కొట్టారని తెలిస్తే పిల్లలకు ఆ దెబ్బ వేరేగా కనిపిస్తుంది.

అలాంటప్పుడు పెద్దలు చెప్పే మాట ఒకటుంది: "ఎవర్నీ నమ్మకూడదని చెప్పలేదా?" నా దృష్టిలో ఆ సందర్భంలో పిల్లలకు నేర్పగలిగినవాటిలో అంతకంటే చెడ్డది లేదు. మనకు తగిలిన దెబ్బల చేదును వాళ్ల మీద పోయడమే అది. ఎవర్నీ నమ్మనివాడికి ఈ ఆటలో పొత్తే దొరకదు, పొత్తు లేనివాడు అందరికంటే ముందు పోతాడు. నేర్చుకోవలసింది ఎంత నమ్మాలో, ఏ విషయంలో నమ్మాలో. పది రత్నాల బేరంతో మొదలుపెట్టి, అది నిలబడ్డాక వంద రత్నాల బేరం చేయడం. స్నేహం చేస్తూనే సరిహద్దు కోటలో నలుగురు కాపలావాళ్లను ఉంచడం. అలా ఉంచితే మిత్రుణ్ని అవమానించినట్టు కాదని పిల్లలకు ఎవరైనా చెప్పాలి.

దెబ్బ తీసింది మీ అబ్బాయే అయితే పని ఇంకా కష్టం. కొందరు తండ్రులు "మావాడు చాణక్యుడు" అని నలుగురిలో మురిసిపోతారు. కొందరు "ఇప్పుడే ఇలా అబద్ధాలాడితే రేపేమవుతావురా" అని తిడతారు. రెండూ తొందరే. మాట తప్పొచ్చని ముందే అందరూ ఒప్పుకుని కూర్చున్న ఆటలో అది ఒక ఎత్తు. ఒప్పందాలకు కట్టుబడాలన్న ఆటలో అయితే అది తప్పు. దాన్ని తప్పనే చెప్పాలి. మొదటి రకం ఆటలో కూడా ఒక మాట అడగవచ్చు: "వాడికి ఇప్పుడెలా ఉంటుందిరా? ఆట అయ్యాక వాడితో మాట్లాడతావా?" మంచి ఆటగాళ్లు మాట్లాడతారు. ఎందుకు దండెత్తవలసి వచ్చిందో, ఎప్పుడు నిర్ణయించుకున్నారో, అవతలివాడి ఎత్తుల్లో ఏది నచ్చిందో రాస్తారు. మీ అబ్బాయి చేత ఆ నాలుగు వాక్యాలు రాయించగలిగితే అది పెద్ద పని. పైగా ఈ ఆటలాడేవాళ్లు మళ్లీ మళ్లీ ఎదురుపడతారు. ఒకసారి ఒప్పందం తప్పినవాడి పేరు తర్వాతి ఆటలో వాడికంటే ముందే వచ్చి కూర్చుంటుంది.

ఆటలో చెల్లేదీ చెల్లనిదీ మధ్య గీత ఎక్కడుందో కూడా చెప్పాలి. మన పల్నాటి కథలో కోడిపోరు, పందెం ఓడినవాళ్ల వలస, గడువు ముగిశాక రాజ్యం అడగడం, ఇవన్నీ పోటీలోవే. రాయబారానికి వెళ్లిన అలరాజును చంపించడం మాత్రం వేరు. ఆ తర్వాత రాజీకి దారి లేక కథ కారంపూడి యుద్ధానికి చేరింది. ఆటలోనూ అలాంటి గీత ఒకటుంది. లేని సైన్యం ఉందని బొంకడం ఎత్తు. మిత్రుడి పాస్‌వర్డ్ తెలుసుకుని వాడి ఖాతాలోకి దూరడం దొంగతనం. స్నేహంగా చెప్పుకున్న ఇంటి విషయాన్ని గ్రూపులో బయటపెట్టడం, కులం పేరుతోనో తల్లి పేరుతోనో తిట్టడం, ఫోన్ నంబరు పదిమందికి పంచడం, ఆటలో ఓడించాడని బడిలో ఒంటరిని చేయడం, ఇవేవీ ఆట కావు. మీ పిల్లలు చేసినా, మీ పిల్లలకు జరిగినా ఒకే కొలత వాడండి. పరాయి పిల్లవాడు చేస్తే నేరం, మనవాడు చేస్తే చిలిపితనం అన్నారంటే మీ మాటకు ఇంట్లో విలువ ఉండదు.

ఇప్పుడు గంటల సంగతి. కోపం వచ్చి ఫోను లాక్కోవడం, వైఫై తీసేయడం చాలా ఇళ్లలో జరిగేదే. ఒంటరిగా ఆడే ఆట అయితే నష్టం పిల్లవాడి ఒక్కడిదే. పదిమంది ఆటలో అలా చేస్తే వాడు మిగిలిన తొమ్మిదిమందికి ఇచ్చిన మాటను మీరు తప్పించినట్టవుతుంది. వాడి రాజ్యం దిక్కులేనిదవుతుంది, పక్కవాడు ఊరికే మింగేస్తాడు, నెలల ఆట అందరికీ పాడవుతుంది. "మా నాన్న లాక్కున్నాడు" అని తర్వాత చెప్పుకోవడం ఆ వయసులో ఎంత చిన్నతనంగా ఉంటుందో ఊహించండి. మానిపించవలసి వస్తే రెండు రోజులు గడువివ్వండి. తన బదులు ఆడే మనిషిని వెతికి రాజ్యం అప్పగించమనండి. ఈ ఆటల్లో అలా అప్పగించే పద్ధతి ఉంది. బాధ్యతగా తప్పుకోవడం కూడా ఒక విద్యే.

అంతకంటే మంచిది చేరకముందే మాట్లాడుకోవడం. ఆట ఎన్నాళ్లు సాగుతుంది, టర్న్ గడువు మన గడియారం ప్రకారం ఎప్పుడు పడుతుంది, మధ్యలో పరీక్షలున్నాయా. ఆడేవాళ్లలో యూరప్, అమెరికా వాళ్లుంటే గడువు తెల్లవారుజామున మూడింటికి పడవచ్చు. సాయంత్రమే ఆజ్ఞలు పంపేసి పడుకోవాలన్నది ఇంటి నియమంగా పెట్టండి. ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నవాడు జనవరిలో కొత్త ఆటలో చేరకూడదు. అందులో బేరం లేదు.

మొదట వాయిదా వేసిన భయం దగ్గరికి వస్తాను. అవతల ఉన్నది ఎవరో పిల్లలకు తెలియదు, మీకూ తెలియదు. 2022లో మెటా పరిశోధకులు సిసెరో అనే కృత్రిమ మేధ చేత ఆన్‌లైన్‌లో డిప్లొమసీ ఆడించారు. 40 ఆటలు ఆడింది, పొత్తులు కుదుర్చుకుంది, ఒకటికి మించి ఆటలు ఆడినవాళ్లలో మొదటి పది శాతంలో నిలిచింది. ఆట సాగుతుండగా అవతలివాళ్లెవరూ అది యంత్రమేమోనన్న అనుమానం వ్యక్తం చేయలేదు. అది పరిశోధన. అదే చోట దురుద్దేశం ఉన్న పెద్దవాడు కూడా కూర్చుని ఉండవచ్చు. పొత్తు పేరుతో మొదలైన మాటలు వయసు, బడి, ఫొటోల వైపు తిరిగితే, "మీ ఇంట్లో చెప్పకు" అన్న మాట వస్తే, ఆ క్షణమే మీ దగ్గరికి రావాలని ముందే చెప్పి ఉంచండి. వస్తే తిట్టనని మాట ఇవ్వండి, నిలబెట్టుకోండి. అమ్మాయిల విషయంలో ఇది మరీ అవసరం. వేధింపు ఎదురైతే ఆట మానేయమనడమే మన మొదటి మాటగా ఉంటోంది. మానవలసింది వేధించినవాడు. బ్లాక్ చేయించండి, ఫిర్యాదు చేయించండి, చాట్ చెరపకుండా దాచండి. మోసం జరిగి డబ్బు పోతే సైబర్ నేరాల నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయండి. పిల్లల భద్రతకు ముప్పు అనిపిస్తే 1098.

డబ్బు పెట్టి పందెంగా ఆడే ఆన్‌లైన్ ఆటలను కేంద్రం 2025 ఆగస్టు చట్టంతో నిషేధించింది. కాబట్టి పొత్తులో ఎవరైనా పందెం అన్నారంటే బయటికి రావడమే. ఆటలో ప్యాకులు కొనడం వేరు, దానికి నెలకు ఇంతని ముందే చెప్పి, ప్రతి కొనుగోలుకూ మీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోండి. క్లాన్ కోసం కొనమని లీడర్ ఒత్తిడి చేస్తుంటే కాదనడం ఎలాగో ఇంట్లోనే సాధన చేయించండి. పిల్లలకు అది నిజంగా కష్టం.

ఎక్కువ ఆడే ప్రతి పిల్లవాడూ రోగి కాదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా అన్నిటికంటే అదే ముఖ్యమైపోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం, సాధారణంగా ఏడాది పాటు ఇవి ఉంటేనే ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్ అంటుంది. నిద్ర, తిండి, బడి మూడూ చెడుతున్నాయంటే మాత్రం ఏడాది ఆగకండి. టెలి-మానస్ 14416లో తెలుగులో మాట్లాడవచ్చు.

చివరగా ఒక మాట. ఈ సంక్రాంతికి ఇంట్లో ఏడుగురు చేరితే డిప్లొమసీ బోర్డు ఒకటి తెప్పించి ఆడండి. ఒక పూట పడుతుంది, ఒక్కోసారి రోజంతా. మీరూ ఒక రాజ్యం తీసుకోండి. మీ పిల్లలు మిమ్మల్ని పెరట్లోకి తీసుకెళ్లి సంధి మాట్లాడినప్పుడు వాళ్ల కళ్లలోకి చూసి బేరమాడండి. నెలల తరబడి వాళ్లు దేనిలో మునిగి ఉన్నారో అప్పుడు మీకు తెలుస్తుంది. మొదటిసారి ఆడే చిన్నవాళ్లకు పటంలో మూలన ఉన్న టర్కీనో ఇంగ్లండ్‌నో ఇవ్వండి. ఆస్ట్రియా-హంగరీ చుట్టూ శత్రువులే, దాన్ని పెద్దవాళ్లు తీసుకోవాలి.